లాగిన్ పైన మా ఊరి పేరు

నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. పైన రెండు లైన్లు, కింద లాగిన్ అనే మాట, దాని పక్కన మిణుకుమిణుకుమనే ఓ చిన్న గీత. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకున్న మా తరం వాళ్ళకి మొదట కనిపించింది ఇదే. రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ 6.2 అయితే ఆ రెండు లైన్లలో రిలీజు నంబరు, దాని ముద్దుపేరు జూట్, సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్ నంబరు 2.2.14, ప్రాసెసరు రకం ఉండేవి. ఎవరో రాసిపెట్టారు, మనం చదువుకోవాలి, అంతే అనుకునేవాళ్ళం.

"జూటంటే మన నెల్లిమర్ల జూటేనా మేస్టారూ?" అని క్లాసులో ఓ కుర్రాడు అడిగాడు. అతని నాన్న ఆ మిల్లులోనే పనిచేసేవారు. క్లాసంతా గొల్లుమంది. మేస్టారు మాత్రం నవ్వలేదు. "కాదు నాన్నా. కానీ నీకు అక్కడ నెల్లిమర్ల అని కావాలంటే నెల్లిమర్ల అనే వస్తుంది. రేపట్నుంచి అదే పాఠం" అన్నారు.

ఆ పాఠం నెలల తరబడి సాగింది. షెల్ స్క్రిప్టు, అంటే కమాండ్లని ఫైల్లో వరసగా రాసి నడిపించడం, గురించి ఈ రోజుకీ నా చేతికి అలవోకగా వచ్చేదంతా ఆ రెండు లైన్లని మార్చబోయి నేర్చుకున్నదే.

అది 2000 దాటిన కొత్త. విజయనగరం గంటస్తంభం దగ్గర ఓ మేడ మీద మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. కింద బట్టల కొట్టు, పక్కన స్టేషనరీ కొట్టు. గంట్యాడ నుంచి, డెంకాడ నుంచి, గజపతినగరం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారు పిల్లలు. ఒక పెంటియం మెషిను సర్వరు. మిగతావన్నీ పాత 486లు, హార్డ్ డిస్కులు నిండిపోయి ఉండేవి, డాస్‌లోంచి టెల్నెట్ అనే నెట్‌వర్కు ప్రోగ్రాం పెట్టుకుని సర్వర్లోకి వెళ్ళాలి. డయలప్ లైను మీద ఆరు వందల మెగాబైట్ల సీడీ దించుకోవడం కుదిరే పని కాదు కాబట్టి, మాకు లినక్స్ వచ్చింది పీసీక్వెస్ట్ పత్రికతో ఇచ్చే సీడీల వల్లే. అరువు తెచ్చుకున్న ఆ సీడీని మేస్టారు పొందూరు ఖద్దరు గుడ్డలో చుట్టి బీరువాలో దాచేవారు. ఆయన లాల్చీలు కూడా పొందూరువే.

ఆయన పాఠం చెప్పే పద్ధతి నాకు చాలా ఇష్టం. ముందు కమాండ్ల జాబితా ఇవ్వరు. ఒక కోరిక పుట్టిస్తారు, ఆ కోరిక తీరాలంటే ఏం కావాలో వెతుక్కోమంటారు.

మెషిను లేచాక ఇనిట్ అనే ప్రోగ్రాం ఇనిట్‌ట్యాబ్ అనే ఫైలు చదివి, ఒక్కో కన్సోలుకీ, అంటే లాగినయ్యే ఒక్కో తెరకీ, గెట్టీ అనే ప్రోగ్రాముని కాపలా పెడుతుంది. ఆల్ట్ పట్టుకుని ఎఫ్1 నుంచి ఎఫ్6 దాకా నొక్కితే ఆరు కన్సోళ్ళు, ఆరుగురు కాపలాదార్లు. మా రెడ్ హ్యాట్‌లో ఆ కాపలాదారు పేరు మిన్‌గెట్టీ. దానికి ఉన్నవి రెండే పనులు. ఈటీసీ డైరెక్టరీలో ఇష్యూ అనే ఫైలు తీసి తెర మీద పెట్టడం, దాని కింద పేరు అడగడం. పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే తన చోటులో లాగిన్ అనే ప్రోగ్రాముని కూర్చోబెట్టి తప్పుకుంటుంది. పాస్‌వర్డ్ అడిగేది ఆ లాగిన్. లోపలికి వెళ్ళాక కనిపించే సందేశం వేరు, దాని ఫైలు మోటీడీ. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. మోటీడీ లోపలికి వచ్చినవాళ్ళకి. ఇష్యూ మాత్రం లోపలికి రానివాళ్ళకి కూడా కనిపిస్తుంది, వాకిట్లో ముగ్గులాగ. ఈ తేడా మేస్టారు చాలా గట్టిగా పట్టించుకునేవారు. వాకిట్లో ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు అన్నది ఆయన దృష్టిలో మర్యాదకి సంబంధించిన సంగతి.

మొదటి రోజు నెల్లిమర్ల కుర్రాడి చేతే ఇష్యూ ఫైలు తెరిపించారు. పాత లైన్లు తీసేసి ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు రాయించారు. నమస్కారం, విజయనగరం, దయచేయండి. సేవ్ చేసి, కన్సోలు మీద ఖాళీగా ఎంటర్ నొక్కితే చాలు, గెట్టీ ఫైలుని మళ్ళీ చదివి కొత్త బ్యానరు చూపించింది. వెనకాల బల్లల వాళ్ళు కూడా లేచొచ్చి చూశారు. ఖరీదైన మెషిను మనల్ని మన మాటల్లో పలకరించడం అప్పటిదాకా ఎవరం చూడలేదు.

మర్నాడు పొద్దున్న వచ్చేసరికి ఆ రాత లేదు. మళ్ళీ రెడ్ హ్యాట్, మళ్ళీ జూట్.

"ఎవరు తీసేశారు?" అన్నాం. "వెతకండర్రా" అన్నారు మేస్టారు. రాత్రి మెషిను ఆపి పొద్దున్న మళ్ళీ వేశాం కాబట్టి బూటయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టుల్లోనే ఏదో జరిగుండాలి. ఫైళ్ళలో మాటలు వెతికే గ్రెప్‌తో ఇష్యూ అనే మాట కోసం ఆ డైరెక్టరీలన్నీ గాలిస్తే ఆర్సీ లోకల్ అనే ఫైల్లో దొరికింది. ప్రతిసారీ మెషిను లేచేటప్పుడు అది యూనేమ్ కమాండుతో కెర్నల్ వెర్షను తెలుసుకుని, ఇష్యూ ఫైలుని కొత్తగా రాసేస్తోంది. పైగా ఆ లైన్లకి పైనే ఓ వ్యాఖ్య: ఇది ప్రతి బూటుకీ ఇష్యూని తిరగరాస్తుంది, మీ మార్పులేవో ఇక్కడే చేసుకోండి, లేకపోతే పోతాయి అని. "చూశారా, ఫైలే చెప్తోంది కదా. అడిగేవాళ్ళు లేకే ఊరుకుంది" అన్నారాయన. ఏ సిస్టమ్ చేతికి వచ్చినా ముందు బూట్ స్క్రిప్టుల్లోని వ్యాఖ్యలు చదివే అలవాటు నాకు ఆ రోజు నుంచి వచ్చింది.

ఆ లైన్లకి ముందు హ్యాష్ గుర్తులు పెట్టి ఆపేశాం. వాటి కింద బ్యానరు రాసే మా స్క్రిప్టుని పిలిచే లైను ఒకటి చేర్చాం. అప్పట్నుంచి బ్యానరు మాది.

తర్వాత వచ్చిన కోరిక పెద్దది. ఇంగ్లిషు అక్షరాల తెలుగు కాదు, తెలుగు అక్షరాలే కావాలి. కన్సోలులో అది ఎందుకు కుదరదో మేస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. టెక్స్ట్ మోడ్‌లో తెర అంటే 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు ఉన్న గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. వీజీఏ కార్డు ఫాంటులో పట్టేవి 256 ఆకారాలు, మహా అయితే 512. మన గుణింతాలూ వత్తులూ ఒకదాని మీద ఒకటి, ఒకదాని కింద ఒకటి కూర్చోవాలి. ఆ కూర్పు తెలిసిన బుర్ర కన్సోలుకి లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మామూలు లినక్స్ కన్సోలులో తెలుగు సరిగ్గా రాదు.

"అయితే అక్షరాన్ని బొమ్మగా వేసేద్దాం" అంది గంట్యాడ నుంచి వచ్చే అమ్మాయి. సంక్రాంతికి వాళ్ళ వీధంతా ముగ్గులు తనే వేసేదట. ఆమె చెప్పింది మాకెవరికీ తట్టనిది. కింద స్టేషనరీ కొట్లో గ్రాఫ్ కాగితాలు కొనుక్కొచ్చాం. ఆమె పెన్సిల్‌తో విజయనగరం అని గుండ్రంగా వేసింది. గళ్ళు నల్లగా నింపింది. నిండిన గడికి ఒక హ్యాష్, ఖాళీ గడికి ఒక స్పేస్ చొప్పున టైపు చేస్తే, తెర మీద అక్షరాలన్నీ సన్నగా పొడుగ్గా సాగిపోయి కనిపించాయి. కాగితం మీద గడి చదరం. తెర మీద గడి పొడుగు వెడల్పుకి దాదాపు రెట్టింపు. అదీ తిరకాసు. ఆమె కాసేపు చూసి, "అడ్డంగా రెట్టింపు వెయ్యాలి సార్, నిలువుకి ఒకటే" అంది. ఒక్కో నల్లగడికీ పక్కపక్కన రెండు హ్యాష్‌లు. అంతే, అక్షరాలు గుండ్రం తిరిగాయి.

కానీ అప్పుడు 80 వరసల్లో 40 గళ్ళే మిగులుతాయి. విజయనగరంలో ఆరక్షరాలు, పైగా చివర సున్నా. ఒక్కో అక్షరానికి ఆరు గళ్ళకి మించి ఇవ్వలేం. ఆరు గళ్ళలో జ వెయ్యడమే కష్టమనుకుంటే, య దగ్గర పని పూర్తిగా ఆగిపోయింది. ఆ మెలిక, ఆ తోక, రెండూ ఆరు గళ్ళలో ఇమడవు. తోక తీసేస్తే య కాదు, మెలిక తీసేస్తే ఇంకేదో అయిపోతుంది. చివరికి గ దగ్గర, న దగ్గర ఒక్కో గడి మిగిల్చి య కిచ్చింది. వి మీద గుడి కోసం పైన ఒక వరస ఎక్కువ తీసుకుంది. కాగితం మీద ఆమె రబ్బరుతో చెరిపిన చోటల్లా చిరుగులు పడ్డాయి. ఫాంట్లు తయారుచేసేవాళ్ళు ఎంత కష్టపడతారో అన్న గౌరవం నాకు ఆ రోజుల్లోనే కలిగింది. తెలుగు అక్షరాన్ని ఓ కొలతకి కుదించడం, అదీ తన రూపు పోకుండా, మామూలు పని కాదు.

హ్యాష్‌ల బదులు నిండు గళ్ళు కావాలంటే రంగులు వాడమన్నారు మేస్టారు. ఎస్కేప్ అక్షరం, దాని వెనక చదరపు బ్రాకెట్, ఆ తర్వాత రంగు నంబరు, చివర చిన్న ఎమ్. 31 అంటే ఎర్ర అక్షరం, 32 ఆకుపచ్చ, 44 అంటే నీలం వెనకరంగు. ఇది డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100 టెర్మినల్ కుటుంబం నుంచి వస్తున్న భాష. గంటస్తంభం దగ్గర మేడ మీద కూర్చుని ఆ భాషలోనే మా ఊరి పేరుకి రంగులు వేస్తున్నామంటే ఒళ్ళు పులకరించేది. రాతలో ఒకదాని బదులు ఇంకోటి పెట్టే సెడ్‌తో ప్రతి హ్యాష్‌నీ వెనకరంగు ఉన్న స్పేస్‌గా మార్చాం. 43 పెడితే పసుపు వస్తుందనుకున్నాం. వీజీఏ కన్సోలులో ఆ రంగు ముదురు గోధుమగా వస్తుంది. అదే బాగుందని ఉంచేశాం. చివర సున్నా కోడుతో రంగు ఆపకపోతే మాత్రం లాగిన్ మాటా, మనం కొట్టే అక్షరాలూ అదే రంగులో కొనసాగుతాయి. రంగు మొదలుపెట్టినవాడే ఆపాలి.

దసరా దగ్గర పడుతుండగా నెల్లిమర్ల కుర్రాడు సిరిమాను బొమ్మ గీశాడు. విజయనగరంలో పుట్టినవాళ్ళకి పైడితల్లమ్మ సిరిమాను అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. దసరా తర్వాత వచ్చే సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను. ఏటవాలుగా లేచిన పొడుగాటి మాను, దాని కొసన కూర్చున్న పూజారి, మూడులాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగడం, ఇసకేస్తే రాలనంత జనం. అతను మానుని బ్యాక్‌స్లాష్‌లతో మెట్లు మెట్లుగా గీశాడు. ఫైల్లో అద్భుతంగా ఉంది. కన్సోలు మీద చూస్తే మాను లేదు. పూజారి గాల్లో కూర్చుని ఉన్నాడు.

కారణం ఇదీ. గెట్టీకి బ్యాక్‌స్లాష్ మామూలు గీత కాదు, సైగ. దాని వెనక ఎన్ వస్తే మెషిను పేరు, ఎల్ వస్తే కన్సోలు పేరు, ఆర్ వస్తే కెర్నల్ వెర్షను వేస్తుంది. వెనక ఏమీ తెలియని అక్షరం ఉంటే గీతని మింగేసి ఆ అక్షరం మాత్రం వేస్తుంది. మానులోని గీతలన్నీ అలా దాని పొట్టలోకి పోయాయి. గీత కావాలంటే రెండు గీతలు రాయాలి. బొమ్మ ఫైలు చేత్తో మార్చొద్దు, బొమ్మ బొమ్మలాగే ఉండాలి, స్క్రిప్టే మార్చుకోవాలి అన్నారు మేస్టారు. సెడ్‌లో ఒక్క బ్యాక్‌స్లాష్‌ని రెండు చెయ్యడానికి ఎన్ని బ్యాక్‌స్లాష్‌లు రాయాలి, ఒంటి కొటేషన్‌లో ఎన్ని, జంట కొటేషన్‌లో ఎన్ని అన్నది మధ్యాహ్నం దాకా నడిచింది. కొటేషన్ల తేడా పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకు బుర్రకెక్కలేదు. సిరిమాను కోసం ఎక్కింది.

టెల్నెట్‌లో వచ్చే 486 మెషిన్లకి ఇంకో తంటా. అవి చూసేది ఇష్యూ డాట్ నెట్ అనే వేరే ఫైలు. అందులో సైగ బ్యాక్‌స్లాష్ కాదు, శాతం గుర్తు. కాబట్టి ఒకే బొమ్మ నుంచి స్క్రిప్టు రెండు ఫైళ్ళు రాసేది: ఒకదాంట్లో బ్యాక్‌స్లాష్‌లు రెట్టింపు, రెండోదాంట్లో శాతం గుర్తులు రెట్టింపు, రంగులు లేకుండా. రెండో ఫైల్లోంచి కెర్నల్ వెర్షను తీసేయించారు మేస్టారు. లోపలికి రానివాడికి మన ఇంటి తాళం ఏ కంపెనీదో చెప్పక్కర్లేదు అన్నారు.

ఇంతవరకూ అందం సంగతి. మా బ్యానరు నిజంగా పనికొచ్చింది కరెంటు కోతల్లో.

వేసవిలో పట్టణానికి కోత వేళలు పేపర్లో వేసేవారు. మాకున్న యూపీఎస్ సర్వర్ని కాసేపే మొయ్యగలదు. రెడ్ హ్యాట్ 6.2లో ఉన్నది ఈఎక్స్‌టీ2 ఫైల్ సిస్టమ్. దానికి జర్నల్, అంటే చేసే మార్పుల్ని ముందే రాసుకునే చిట్టా, లేదు. మెషిను ఉన్నట్టుండి ఆరిపోతే, మళ్ళీ లేచినప్పుడు తప్పులు వెతికే ఎఫ్‌ఎస్‌సీకే డిస్కంతా మొదట్నుంచీ తడుముకుంటూ వెళ్ళాలి. ఒక్కోసారి మధ్యలో ఆగి రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. బస్సు టైమైపోతున్న పిల్లలు ఆ తెల్లటి అంకెల్ని చూస్తూ కూర్చునేవారు. జర్నల్ ఉన్న ఈఎక్స్‌టీ3 రెడ్ హ్యాట్‌లో మామూలుగా వచ్చేసింది 2001లో వచ్చిన 7.2 నుంచి. మా సర్వరుకి అది రావడానికి ఇంకా టైము పట్టింది.

మేస్టారు కోత వేళల్ని ఓ చిన్న ఫైల్లో లైనుకొకటి చొప్పున రాసిపెట్టేవారు. వేళకి పనులు నడిపించే క్రాన్ ప్రతి అయిదు నిమిషాలకీ మా స్క్రిప్టుని లేపేది. అది డేట్ కమాండుతో టైము చూసుకుని, కోతకి దూరం ఉంటే ఆకుపచ్చలో, దగ్గర పడితే ఎర్రగా బ్యానరు కింద ఓ లైను చేర్చేది: కరెంటు ఫలానా టైముకి పోతుంది, పని సేవ్ చేసుకుని బయటికి వచ్చేయండి. లోపల ఉన్నవాళ్ళకి అదే కబురు వాల్ కమాండుతో వెళ్ళేది. ఎర్ర లైను కనిపిస్తే కొత్తగా ఎవరూ లాగినయ్యేవారు కాదు. కోతకి ముందే సర్వర్ని పద్ధతిగా ఆపేసేవాళ్ళం. ఎఫ్‌ఎస్‌సీకే గోల చాలావరకు తగ్గిపోయింది. ఊరి పేరు వేసినందుకు సంతోషం ఉండేది, ఈ లైను వేసినందుకు గర్వం ఉండేది. అక్షరాలా మా చేతుల్తో ల్యాబుని కాపాడుకున్నాం.

ఆ స్క్రిప్టుకి వింత జబ్బు ఒకటి ఉండేది. పొద్దున్న ఎనిమిది నుంచి పది దాకా కోత లైను రాదు. పది దాటగానే వస్తుంది. ఏడు గంటలకి చూస్తే బాగానే ఉంటుంది. ఈ చిక్కుముడి విప్పింది డెంకాడ నుంచి వచ్చే ఐటీఐ కుర్రాడు. డేట్ కమాండు ఎనిమిదిని సున్నా ఎనిమిది అని ఇస్తుంది. ముందు సున్నా ఉంటే షెల్ దాన్ని ఆక్టల్ అంకె అనుకుంటుంది, అంటే ఎనిమిది అంకెలతోనే నడిచే లెక్క. అందులో 7 వరకే అంకెలు. 01 నుంచి 07 దాకా రెండు లెక్కల్లోనూ విలువ ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 08, 09 మాత్రం ఆ లెక్కలో లేనే లేవు, కాబట్టి షెల్ తప్పు అని చెప్పి ఆగిపోతుంది. ముందున్న సున్నా తీసేస్తే జబ్బు పోయింది. మేస్టారు ఆ రోజు అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. ఆ కుర్రాడి చేత బోర్డు మీద మళ్ళీ మొదట్నుంచీ చెప్పించారు, తను వెనక బెంచీలో కూర్చుని విన్నారు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. స్క్రిప్టు ఎప్పుడూ ఇష్యూ ఫైల్లోకి నేరుగా రాయకూడదన్నది ఆయన నియమం. పక్కన వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక ఎమ్‌వీ కమాండుతో అసలు పేరుకి మార్చాలి. రాస్తున్న సగంలో ఎవరైనా ఎంటర్ నొక్కితే సగం బ్యానరు కనిపిస్తుంది కదా. ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఎమ్‌వీ చేస్తే పేరు ఒక్క దెబ్బకి మారుతుంది, చదివేవాడికి పాతదైనా పూర్తిగా కనిపిస్తుంది, కొత్తదైనా పూర్తిగా కనిపిస్తుంది. అందుకే ఆ తాత్కాలిక ఫైలు టెంప్ డైరెక్టరీలో కాదు, ఈటీసీలోనే పెట్టమనేవారు. "బ్యానరుకి ఇంత జాగ్రత్తెందుకు మేస్టారూ?" అని అడిగితే, "రేపు బ్యాంకులో ఉద్యోగం చేస్తావు, ఖాతాల ఫైలు రాస్తావు. చెయ్యికి అలవాటు ఇప్పుడే అవ్వాలి" అనేవారు. ఆ పద్ధతి లేని స్క్రిప్టు ఈ రోజుకీ నా చేతిలోంచి బయటికి పోదు.

తర్వాత నేను విశాఖపట్నం వెళ్ళిపోయాను, ఉద్యోగంలో చేరాను. బొబ్బిలిలో మా మావయ్యకి ఎరువుల కొట్టు ఉండేది. బిల్లుల మెషిను లినక్స్ మీద, అంతా టెక్స్ట్ మోడ్‌లోనే. రాత్రిపూట లెక్కలు రెండో డిస్కుకి కాపీ అయ్యేవి. అయ్యాయో లేదో తెలుసుకోవడానికి ఆయన లోపలికెళ్ళి కమాండ్లు కొట్టలేరు. అందుకని మా పాత స్క్రిప్టునే కాస్త మార్చి పెట్టాను. పొద్దున్న మెషిను వెయ్యగానే, పేరు కొట్టకముందే, నిన్నటి కాపీ ఫైలు ఉందా, దాని తారీకు నిన్నటిదేనా, డిస్కులో ఎంత చోటు మిగిలింది అన్నవి మూడు లైన్లలో ఇంగ్లిషు అక్షరాల తెలుగులో కనిపించేవి. అన్నీ బాగుంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు.

ఓ రోజు పొద్దున్నే ల్యాండ్‌లైన్ మోగింది. "ఒరే అల్లుడా, రాత్రి కాపీ అవలేదని సెప్తంది. ఎర్రగా ఉంది. ఓపాలి సూడు" అన్నారు. ఆ రెండో డిస్కు అప్పటికే చావుకి దగ్గర పడి ఉంది. ఆ ఆదివారమే వెళ్ళి మార్చేశాను. ఒక్క లెక్క పోలేదు. ఖరీఫ్ రోజులు, రైతుల అప్పుల పద్దులన్నీ అందులోనే. ఆ ఎర్ర లైను లేకపోతే డిస్కు పూర్తిగా పోయాకే తెలిసేది.

ఇప్పుడు పరిస్థితి వేరు. ఇనిట్‌ట్యాబ్ పోయి సిస్టమ్‌డీ వచ్చింది. మిన్‌గెట్టీ చోటులో అగెట్టీ వచ్చింది. దానికి తెలివి ఎక్కువ. బ్యాక్‌స్లాష్ వెనక 4 పెడితే మెషిను ఐపీ అడ్రసు తనే వేస్తుంది. రంగుల కోసం ఎస్కేప్ అక్షరాలు అంటించే పని లేదు, రంగు పేరు రాస్తే చాలు. ఇష్యూ డాట్ డీ అని ఓ డైరెక్టరీ ఉంది, చిన్న చిన్న ముక్కలుగా అందులో పెట్టుకోవచ్చు. ఉబుంటు అనే లినక్స్‌లో మోటీడీకి కూడా అలాంటి డైరెక్టరీయే, అందులోని స్క్రిప్టులు లోపలికి వచ్చిన ప్రతిసారీ నంబర్ల వరసలో నడుస్తాయి. మేము చేత్తో కట్టుకున్నదంతా ఇప్పుడు సిస్టమే ఇస్తోంది.

కానీ కన్సోలు చూసేవాళ్ళు తగ్గిపోయారు. సర్వరు ఎక్కడో ఉంటుంది, మనం నెట్‌వర్కు మీద ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్తాం, ఇష్యూ ఫైలు మన కంట పడదు. "ఎవరూ చూడని బ్యానరెందుకు?" అని మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు. నేను ఒప్పుకోను. కన్సోలు ముందు మనిషి నిలబడ్డాడంటే నెట్‌వర్కు పోయిందని అర్థం, ఎస్‌ఎస్‌హెచ్ పనిచెయ్యడం లేదని అర్థం. అర్ధరాత్రి సర్వర్ గదిలో ఏసీ హోరులో, వరసగా ఒకేలా ఉన్న మెషిన్ల మధ్య, కీబోర్డు పట్టుకుని ఒకడు నిలబడి ఉంటాడు. అతనికి ఆ క్షణంలో ఏది కావాలో అదే అక్కడ ఉండాలి. ఈ మెషిను పేరేంటి, దీని అడ్రసేంటి, ఇది ఏ పని చేస్తుంది, దీన్ని ఆపేస్తే ఎవరి పని ఆగుతుంది, ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఈ లైన్లు బయటివాళ్ళ కంట పడని గదిలో ఉన్న కన్సోలుకే. నెట్‌వర్కు వైపు చూపించే బ్యానర్లో మాత్రం అనుమతి ఉన్నవాళ్ళకే ప్రవేశం అన్న హెచ్చరిక తప్ప ఇంకేమీ ఉంచను.

నా చేతిలో ఉన్న ప్రతి మెషినుకీ అలాగే పెడతాను. స్క్రిప్టు రూపు చాలా మారింది గానీ, పక్కన రాసి ఎమ్‌వీతో పేరు మార్చే లైను, సున్నా తీసేసే లైను, బ్యాక్‌స్లాష్‌లు రెట్టింపు చేసే లైను మేస్టారి ల్యాబులో రాసుకున్నవే. సిరిమాను బొమ్మ మా ఇంట్లోని మెషినులో ఉంది. అది దసరా నుంచి సిరిమాను మంగళవారం దాకా మాత్రమే కనిపించాలి. దసరా తిథిని బట్టి వస్తుంది కాబట్టి షెల్ లెక్కకి దొరకదు. అప్పట్లో మేస్టారు ఉగాదికి పంచాంగం కొనగానే దసరా తారీకు చూసి ఓ ఫైల్లో కొట్టేవారు, దాని తర్వాత వచ్చే మంగళవారాన్ని డేట్ కమాండు వెతుక్కునేది. నేనూ అంతే. మేస్టారికి ఉగాది నాడు ఫోన్ చేస్తే, కుశల ప్రశ్నలయ్యాక ఆయనే తారీకు చదివి చెప్తారు, నేను ఇటుపక్క టైపు చేస్తాను. చెప్పాక ఒకసారి తిరిగి చదవమంటారు.